గంజాం నుంచి కోరాపుట్ దాకా: ఒక గృహబీమా ఖాతా నష్టాలను విప్పి చూసిన కేస్ స్టడీ

కంపెనీ పేరు, శాఖలు, సంవత్సరాలు ఇందులో ఉండవు. అంకెలన్నీ మూడేళ్ళ ఆర్జిత ప్రీమియం (గడిచిన కాలానికి చెందిన ప్రీమియం) 100 రూపాయలు అనుకుని మార్చినవి. గృహబీమాలో కంపెనీలు ఎందుకు నష్టపోతాయని అడిగితే తుపాను అనో, దొంగ క్లెయిములు అనో చెప్పి వదిలేయడం మన దగ్గర మామూలు. ఇక్కడ చూసే ఖాతాలో, అంటే దక్షిణ ఒడిశాలో ఒక కంపెనీ గృహబీమా పాలసీలన్నీ కలిపిన లెక్కలో, ఆ రెండు జవాబులనే నమ్ముకుని రెండేళ్ళు పోగొట్టుకున్నారు. ఏ మందు వేయాలో తేల్చే ముందు నష్టాన్ని ఎన్ని ముక్కలుగా కొయ్యాలో ఇందులో కాస్త స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి రాసిపెడుతున్నాం.

ఖాతా, ఇళ్ళు, పాలసీ

ఒడిశా దక్షిణాన గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాలు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, జయపురంలో తెలుగు ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రం కాకముందు నుంచీ ఉన్నాయి. పాలసీల్లో మూడొంతులు బ్యాంకు గృహరుణంతో కలిపి అమ్మినవి, మిగతావి ఏజెంట్లు తెచ్చినవి.

ఇళ్ళ తీరు ముందే చెప్పాలి, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పాత వీధుల్లో పెంకుటిళ్ళు, కొత్త లేఅవుట్లలో డాబాలు. ఈ రెంటికీ మధ్య మూడో రకం ఒకటి ఉంది: కింద శ్లాబు, దాని మీద రేకుల షెడ్డు. కొడుకు పెళ్ళికనో, అద్దెకిద్దామనో మేడ మీద నాలుగు వైపులా అరఇటుక గోడ లేపి, ఇనుప పైపులు అడ్డం పెట్టి జీఐ రేకులు పరిచేస్తారు. రుణం తీసుకున్ననాడు ఉండదు, రెండో ఏడాదికి వచ్చేస్తుంది. బీమా కాగితాల్లో మాత్రం ఆ ఇల్లు ఎప్పటికీ 'పక్కా, శ్లాబు'.

పాలసీ 'భారత్ గృహ రక్ష'. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రామాణిక పాలసీ ఇది. ఈ కేసుకు పనికొచ్చే షరతులు నాలుగు. ఇంటి బీమా మొత్తం అంటే కార్పెట్ ఏరియాను (గోడల లోపలి విస్తీర్ణాన్ని) ఆనాటి నిర్మాణ ధరతో గుణించగా వచ్చేది. ఆ ధరను పాలసీదారు ప్రకటిస్తారు, కంపెనీ అంగీకరిస్తుంది. అసలు విలువ కన్నా తక్కువకి బీమా చేశారన్న కారణంతో క్లెయిములో కోత పెట్టకూడదు. భవనానికి బీమా చేస్తే ఇంట్లో సామానుకు భవనం మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా, జాబితా అడక్కుండానే వర్తిస్తుంది. పదేళ్ళ దాకా ఒకేసారి తీసుకోవచ్చు. అలాంటి దీర్ఘకాల పాలసీలో బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున, రెట్టింపు అయ్యేదాకా, అదనపు ప్రీమియం లేకుండానే పెరుగుతుంది.

ఇక గాలీ నీరూ. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి, వాన బరువంతా గజపతి కొండల మీద దించింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన దాటింది. గుణుపురం, కాశీనగర్ వంశధార ఒడ్డున ఉన్నాయి, పర్లాకిమిడి మహేంద్రతనయ ఒడ్డున ఉంది.

వచ్చిన సమస్య

మూడు అండర్‌రైటింగ్ సంవత్సరాలకు (పాలసీలు మొదలైన ఏడాదివారీ లెక్క) ప్రీమియం 100 అయితే క్లెయిములు 118, కమీషన్లూ నిర్వహణ ఖర్చులూ 34. అంటే కంబైన్డ్ రేషియో, నూరు రూపాయల ప్రీమియానికి క్లెయిములూ ఖర్చులూ కలిపి పోయేది, 152; నూరు దాటితే నష్టం. దీనికి తోడు రీఇన్సూరెన్స్‌కు (కంపెనీ తన నష్టాలకు తాను చేయించుకునే బీమా) 11 కట్టి 6 మాత్రమే వెనక్కి తెచ్చుకున్నారు. ప్రభుత్వ రీఇన్సూరెన్స్ కంపెనీ జీఐసీ రీకి తప్పనిసరిగా ఇచ్చే 4 శాతం వాటా ఈ లెక్కలో లేదు.

ఇంత నష్టం మూడేళ్ళ దాకా ఎవరి కంటా పడకపోవడానికి కారణం ఉంది. లెక్కల్లో గృహబీమా 'ఫైర్' విభాగంలో కలిసిపోతుంది. అదే విభాగంలో గోదాములు, మిల్లులు, ఫ్యాక్టరీల ప్రీమియం పెద్దది. అవి లాభంలో ఉంటే ఇళ్ళ నష్టం వాటి కింద దాక్కుంటుంది. జిల్లాలవారీగా, ఉత్పత్తివారీగా విడదీసి చూసిన రోజునే బయటపడింది.

కారణాల మీద మూడు వాదనలు నడిచాయి. అమ్మకాల వాళ్ళు తుపాన్లు పెరిగాయన్నారు. క్లెయిముల విభాగం మోసాలన్నది. ఫైనాన్సు వాళ్ళు రేటు చాలదన్నారు. ప్రతి విభాగమూ తన చేతిలో లేని కారణాన్నే వేలెత్తి చూపించిందని గమనించాలి.

మొదట చేసినవి, ఎందుకు నిలవలేదు

*అందరికీ ఒకే రేటు పెంపు.* రేటును మూడోవంతు పెంచారు. చేతిలో ఉన్న మీట అదొక్కటే, ప్రీమియం చాలడం లేదన్నదీ నిజమే కాబట్టి ఆలోచనలో తప్పు కనిపించలేదు. రెండు చోట్ల దెబ్బతింది. మొదటిది, నష్టం తెస్తున్న పాలసీల్లో చాలావాటికి పదేళ్ళ ప్రీమియం ఎప్పుడో వసూలైపోయింది. పెంపు వాటిని తాకదు. రెండోది, తాకినవాళ్ళలో వెళ్ళిపోయింది ఎవరు? బరంపురం అపార్టుమెంట్ల వాళ్ళు, పూర్తి శ్లాబు ఇళ్ళ వాళ్ళు. వాళ్ళకి వేరే కంపెనీలో తక్కువకే దొరుకుతుంది. మేడ మీద షెడ్డు ఉన్నాయన, నది ఒడ్డున ఉన్నాయన కదల్లేదు. మరుసటి ఏడాది ప్రీమియం తగ్గింది, నష్టాల నిష్పత్తి పెరిగింది. ఇంటికీ ఇంటికీ తేడా తెలియని రేటును పెంచితే మిగిలేది బరువైన ఇళ్ళే.

*ప్రతి క్లెయిముకూ విచారణాధికారి.* ఒక స్థాయి దాటిన క్లెయిములన్నిటికీ, నష్టం అంచనా వేసే సర్వేయర్‌తో పాటు ప్రైవేటు విచారణాధికారిని పంపారు. దొరికిన దొంగ క్లెయిములు విచారణ ఫీజుకు కూడా సరిపోలేదు. పైగా విచారణ సాగినన్నాళ్ళూ కప్పు లేని ఇల్లు వానలో నానింది. గాలికి లేచింది పది రేకులే అయినా, ఫైలు కదిలేసరికి కింది శ్లాబు తడిసి, వైరింగు పాడై, మంచాలూ బీరువాలూ ఉబ్బిపోయాయి. ఆ నష్టం కంపెనీ ఆలస్యం తయారుచేసింది, కట్టాల్సిందీ కంపెనీయే.

అమెరికాలో ఫ్లోరిడా గురించి చదివినవాళ్ళు ఇక్కడా అదే వెతుకుతారు. అక్కడ కప్పుల క్లెయిములు కాంట్రాక్టర్ల పేర రాయించుకోవడం, కంపెనీ ఓడితే ఇంటివాళ్ళ లాయరు ఫీజు కూడా కంపెనీయే కట్టాల్సిన చట్టం, వీటి వల్ల వ్యాజ్యాలు నిజంగానే పెద్ద ఖర్చు; 2022 డిసెంబరులో శాసనసభ ఆ రెంటినీ ఎత్తేసింది. మన జిల్లాల్లో ఆ యంత్రాంగమే లేదు. రోగం పేరు ఒకటే అయినంత మాత్రాన కారణం ఒకటి కాదు.

*పిన్‌కోడ్ మూసివేత.* తీరానికి దగ్గరున్న పిన్‌కోడ్లలో కొత్త పాలసీలు ఆపేశారు. మ్యాపు చూస్తే సబబే అనిపిస్తుంది. కానీ గోపాలపురం వైపు బీమా ఉన్నవి ఎక్కువగా శ్లాబు ఇళ్ళు. గాలి ఎంత వీచినా అవి తెచ్చిన క్లెయిములు తక్కువ. తీరానికి దూరమని తెరిచి ఉంచిన పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం పల్లాల నుంచి వరద క్లెయిములు వస్తూనే ఉన్నాయి. ఒకే పిన్‌కోడ్‌లో నది కరకట్టా ఉంటుంది, గుట్టా ఉంటుంది. ఆ జల్లెడ కన్నాలు ఇళ్ళ కన్నా పెద్దవి.

నష్టాన్ని ముక్కలు చెయ్యడం

మూడూ విఫలమయ్యాక ఫైళ్ళు తెరిచారు. వరుస ఇది: ముందు ప్రమాద కారణం సరిచూడటం, తర్వాత బీమా మొత్తం సరిగ్గా ఉందా అని చూడటం, తర్వాత కప్పు రకం, చివర రీఇన్సూరెన్స్. వరుస మారితే తప్పుడు జవాబు వస్తుంది. కారణం తప్పు పడి ఉంటే కప్పు లెక్కా తప్పే, బీమా మొత్తం తప్పైతే రీఇన్సూరెన్స్‌కు ఇచ్చిన అంకెలూ తప్పే.

కంప్యూటరులో సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వచ్చిన ప్రతి క్లెయిమూ 'తుపాను'. ఎంట్రీ చేసేవాళ్ళకి ఆ కోడే వేలికి అలవాటు. సర్వే నివేదిక, ఫొటోలు, తేదీ, ఆనాటి వాతావరణ బులెటిన్ పక్కపక్కన పెట్టి మళ్ళీ కోడ్ చేస్తే 118 ఇలా విడిపోయింది: గాలి 61, నది లేదా వాననీటి ముంపు 27, గోడలూ శ్లాబూ కారడం 18, పిడుగు 5, అగ్ని 4, ఇతరాలు 3. గాలి 61లో 37 ఒక్క మేడమీది రేకుల షెడ్లవే.

కారడం కింద ఉన్న 18 మీద ఆగాలి. శ్లాబు నెమ్మదిగా కారడం బీమా చేసిన ప్రమాదం కాదు. గాలికి కప్పు లేచి వాన లోపలికొస్తే అది వేరు. రెండూ ఫొటోలో 'తడిసిన గోడ'గానే కనిపిస్తాయి. తేడా పట్టే తీరు తెలిసిన సర్వేయరు గోడను చేత్తో రుద్ది చూస్తాడు. పాత చెమ్మకి తెల్లటి ఉప్పు పొడి రాలుతుంది, రంగు పొరలుగా ఊడి కింద నల్ల నాచు కనిపిస్తుంది, మరక అంచులు వలయాలుగా ఉంటాయి. ఒక్క వానకి తడిస్తే చారలు పై నుంచి నిటారుగా దిగుతాయి, ఉప్పు ఉండదు, సున్నం ఇంకా మెత్తగా ఉంటుంది. పిట్టగోడ దగ్గర నీళ్ళు పోయే తూము ఆకులతో మూసుకుపోయి ఉంటే మేడంతా చెరువై, జవాబు అక్కడే దొరుకుతుంది. 18లో దాదాపు సగం కట్టకూడని డబ్బు. దొంగతనమని అనడానికి లేదు. అడిగినాయన నిజంగానే తుపాను వల్లే అనుకున్నాడు, చూడాల్సినవాళ్ళు చూడలేదు.

పిడుగు క్లెయిముల్లో టీవీలు, ఫ్రిజ్‌లు. షార్ట్ సర్క్యూట్, ఓవర్ వోల్టేజీ వల్ల ఆ పరికరం ఒక్కటే కాలిపోతే, కారణం పిడుగైనా సరే, పాలసీ మినహాయిస్తుంది. మంటలు పక్క వస్తువులకి పాకితే ఆ వస్తువుల నష్టం వర్తిస్తుంది. ఇవి చిన్నవే, నిమిషంలో సరిదిద్దేవి.

బీమా మొత్తం దగ్గర తేలింది

అసలు విషయం ఇక్కడుంది. క్లెయిము వచ్చిన ఫైళ్ళలో సర్వేయరు కొలిచిన విస్తీర్ణం, మరమ్మతు ధరలు ఉంటాయి. వాటినే నమూనాగా తీసుకుంటే నష్టపోయిన ఇళ్ళు మాత్రమే లెక్కలోకి వస్తాయని, క్లెయిము లేని పాలసీల నుంచి కూడా చీటీ తీసినట్టు కొన్ని ఎంచుకున్నారు. వాటికి ఆధారం బ్యాంకు ఫైల్లోని వాల్యూయర్ నివేదిక. అందులో స్థలం విలువ వేరు, భవనం విలువ వేరుగా రాసి ఉంటుంది. బీమా కంపెనీ ఆ కాగితాన్ని ఏనాడూ అడగలేదు.

ఖాతా మొత్తానికి బీమా మొత్తం అసలు నిర్మాణ విలువలో సగటున 60 శాతం. ఈ సగటు కూడా మోసం చేసేదే. బరంపురం ఫ్లాట్లలో రుణం స్థలం విలువతో కలిపి ఉంటుంది కాబట్టి అక్కడ బీమా మొత్తం 100 శాతం దాటింది. పర్లాకిమిడి, గుణుపురం వైపు సొంత స్థలంలో, చేతి డబ్బు కొంత, రుణం కొంత పెట్టి కట్టుకున్న ఇళ్ళలో 45, 50 దగ్గర ఉంది. ఫారం నింపేటప్పుడు వినిపించే మాట ఒకటే: "లోన్ ఎంతో అదే కొట్టేయండి సార్." విస్తీర్ణం ఎలాగూ కాగితాల్లో ఉంది కాబట్టి, రుణాన్ని విస్తీర్ణంతో భాగించి వచ్చినదాన్ని చదరపు అడుగు నిర్మాణ ధరగా వేసేశారు.

దీని ఫలితం ఒక ఇంటి మీద చూద్దాం. 1,000 చదరపు అడుగులు, నిజమైన ధర అడుగుకి 1,800. కట్టాలంటే 18 లక్షలు. రుణం 9 లక్షలు కాబట్టి బీమా 9 లక్షలకి, ప్రీమియం కూడా దానికే. గాలికి షెడ్డు పోయి 1 లక్షా 80 వేల నష్టం. పాత ఫైర్ పాలసీలో అయితే 'యావరేజ్' షరతు పడేది: 18కి 9 అంటే సగం, 90 వేలు ఇచ్చేవారు. భారత్ గృహ రక్షలో ఆ కోత లేదు, 1 లక్షా 80 వేలూ ఇవ్వాలి. సగం ప్రీమియానికి పూర్తి క్లెయిము. ఈ జిల్లాల్లో క్లెయిములు నూటికి తొంభై పాక్షిక నష్టాలే. కాబట్టి తక్కువ బీమా మొత్తం భారమంతా కంపెనీ మీదే పడుతుంది.

ఇల్లు మొత్తం కూలితే బొమ్మ తిరగబడుతుంది. అప్పుడు ఇంటాయనకి అందేది 9 లక్షలే, అందులోనూ రుణం బాకీ ఉన్నంత బ్యాంకుకి పోతుంది. సామానుకి 3 లక్షల 60 వేలు రావాల్సింది 1 లక్షా 80 వేల దగ్గర ఆగుతుంది. చిన్న నష్టంలో కంపెనీ, పెద్ద నష్టంలో ఇంటాయన. ధరను కంపెనీ 'అంగీకరించి' పాలసీ ఇచ్చింది కాబట్టి తర్వాత వాదించడానికి ఏమీ మిగలదు.

ఇప్పుడు ఖాతాకి తిరిగొద్దాం. బీమా మొత్తాలు సరిగ్గా ఉంటే, పాత రేటుకే, ప్రీమియం 100 బదులు 167 వచ్చేది. పూర్తిగా కూలిన కొద్ది ఇళ్ళకి ఎక్కువ కట్టాల్సి వచ్చేది కాబట్టి క్లెయిములు 118 నుంచి 124కి పెరిగేవి. కమీషను ప్రీమియంతో పాటు పెరుగుతుంది, స్థిర ఖర్చులు పెరగవు. ఖర్చులు 52 అవుతాయి. 124, 52 కలిపి 167తో భాగిస్తే 105. రేటు ముట్టుకోకుండా, ఒక్క తుపానూ తగ్గకుండా, 152లో 47 పాయింట్లు ఈ ఒక్క గడిలోనే ఉన్నాయి. అందుకే రేటు పెంపు పనిచెయ్యలేదు: తప్పు రేటుది కాదు, రేటును దేనితో గుణిస్తున్నారో దానిది.

షెడ్డు, గాలి, రిటెన్షన్

మిగిలిన నష్టానికి రేకుల షెడ్డు కీలకం. ఫారంలో కప్పు గురించి అడిగేది 'పక్కానా, కచ్చానా' అని. కచ్చా నిర్వచనంలో చెక్క, తాటాకు, గడ్డి, వెదురు, ప్లాస్టిక్, టార్పాలిన్ వస్తాయి. రేకు రాదు. కాబట్టి పూర్తి శ్లాబు ఇల్లూ, మేడ మీద షెడ్డున్న ఇల్లూ ఒకే రేటులో పడ్డాయి.

గాలి బలం లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. గులాబ్ గాలులు గంటకు 75 నుంచి 85 కిలోమీటర్లు, ఈదురుగాలి 95. ఫైలిన్ ముందు ఇది ఏపాటిది? కానీ 95 అంటే సెకనుకు 26 మీటర్ల పైన. భవనాల మీద గాలి భారాలకు భారత ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం ఇచ్చే సూత్రంలో పీడనం 0.6 ఇంటూ వేగం వర్గం. చదరపు మీటరుకి సుమారు 418 న్యూటన్లు, 42 కిలోల పైమాట. అర మిల్లీమీటరు జీఐ రేకు చదరపు మీటరుకి నాలుగైదు కిలోలు తూగుతుంది. చూరు అంచుల్లో, మూలల్లో పైకి లాగే బలం ఇంకా ఎక్కువ. అంటే రేకు తన బరువుతో నిలవదు, నిలిపేది రేకును పైపుకి పట్టి ఉంచే జె ఆకారపు కొక్కెం, జె హుక్కే. ఫొటోల్లో అదే కనిపించింది: రేకు చిరగలేదు, హుక్కు నిటారుగా సాగిపోయి పైపు నుంచి జారిపోయింది. చాలా షెడ్లలో హుక్కులు రేకుకి రెండో మూడో ఉన్నాయి, వాషర్లు ఎండకి పిగిలిపోయాయి. ముందు లేచేది చూరు పక్కది. అది లేస్తే గాలి లోపలికి దూరి మిగతావాటిని కింద నుంచి తోస్తుంది.

కాబట్టి ఈ ఖాతాకి పెద్ద తుపానే అక్కర్లేదు, మధ్యరకం చాలు. మధ్యరకానివి తరచూ వస్తాయి. రీఇన్సూరెన్స్ ఒప్పందమేమో ఫైలిన్ స్థాయి ఘటనను మనసులో పెట్టుకుని కుదుర్చుకున్నది: ఘటనకి ఇంత దాకా కంపెనీయే భరించాలి (ఇదే రిటెన్షన్), ఆపైన రీఇన్సూరరు. మూడేళ్ళలో వచ్చిన మూడు మధ్యరకం ఘటనల్లో ఒకటే ఆ గీత దాటింది, అదీ అంచు మాత్రమే. మిగతా రెండూ పూర్తిగా కంపెనీ జేబులోంచే.

గంటల షరతు కూడా ఇబ్బంది పెట్టింది. సాధారణంగా గాలికి 72 గంటలు, వరదకి 168 గంటల లోపు నష్టాలను ఒక ఘటనగా కలుపుతారు. ఒప్పందాన్ని బట్టి మారుతుంది. గాలి ఒకరోజు, ఎగువ కొండల వాన దిగి వంశధార పొంగడం ఆ తర్వాత. ఈ రెంటినీ వేర్వేరు ఘటనలుగా లెక్కేస్తే రెండుసార్లు రిటెన్షన్ భరించాలి. కారణం కోడ్ సరిగ్గా లేకపోవడం ఇక్కడ కూడా కుట్టింది: ఏది గాలి, ఏది ముంపు అని విడదీసిన ఫైళ్ళు చేతిలో లేక, వాదించే బలం లేకపోయింది.

పనిచేసినవి

మొదట ఫారం మార్చారు. తొలి రూపంలో పద్నాలుగు ప్రశ్నలు. బ్యాంకు కౌంటరులో ఎవరికీ అంత ఓపిక ఉండదు. అన్నిటికీ మొదటి జవాబే నొక్కేశారు, డేటా అంతా ఒకేలా వచ్చింది. నెలలోపే దాన్ని పక్కన పెట్టి నాలుగుకి కుదించారు: అన్నిటికన్నా పైన ఉన్న కప్పు ఏది, అది వేసి ఎన్నేళ్ళయింది, వీధి నుంచి గడప దాకా మెట్లెన్ని, ఎదుటి పక్క నుంచి తీసిన ఫొటో ఒకటి. విస్తీర్ణం, భవనం విలువ బ్యాంకు వాల్యూయర్ కాగితం నుంచే తీసుకున్నారు.

మెట్ల ప్రశ్న వెనక కాస్త ఆలోచన ఉంది. పునాది ఎత్తు ఎన్ని అడుగులని అడిగితే ఎవరూ చెప్పరు, చెప్పినా ఊహే. మెట్లు ఎవరైనా లెక్కపెడతారు. మెట్టుకి సుమారు ఆరంగుళాలు అనుకుంటే నాలుగు మెట్లంటే రెండడుగులు. పాత ముంపు ఫైళ్ళలో నీటి మరక ఎత్తుతో పోలిస్తే, నది పల్లాల్లో రెండు మెట్లలోపు ఇళ్ళే ముంపు క్లెయిముల్లో ఎక్కువ ఉన్నాయి. నాలుగు దాటినవి అదే వీధిలో ఉన్నా అరుదు. పిన్‌కోడ్ చెప్పలేనిది గడప చెప్పింది. ఆ తర్వాత మూసిన పిన్‌కోడ్లన్నీ తెరిచారు.

నిర్మాణ ధరకి ఊరివారీ, కప్పువారీ కనీస పట్టిక పెట్టారు. స్థానిక ఇంజనీర్ల అంచనాలతో ఏటా జనవరిలో, ఏప్రిల్ రీఇన్సూరెన్స్ రెన్యువలుకి ముందే సవరిస్తారు. పట్టిక కన్నా తక్కువ వేస్తే సిస్టమ్ ఆగుతుంది, ఎక్కువ వేస్తే స్థలం విలువ కలిసిందా అని అడుగుతుంది. అమ్మకాల విభాగం గట్టిగానే ఎదురుతిరిగింది, ప్రీమియం పెరిగితే బ్యాంకు వేరే కంపెనీకి పోతుందని. దానికి జవాబుగా ఫ్లాట్లలో స్థలం విలువ తీసేయగా తగ్గిన ప్రీమియాన్ని చూపించారు. బరంపురంలో ఆ తగ్గింపు కొత్త వ్యాపారం తెచ్చింది. రేటు పెంపులో పోయినవాళ్ళు వెనక్కి రావడం అలా మొదలైంది.

రేట్లు కప్పును బట్టి, మెట్లను బట్టి విడదీశారు. షెడ్డున్న ఇంటిని నిరాకరించలేదు. రేకుకి జె హుక్కు బదులు యు బోల్టు, అంచు వరుసల్లో మధ్యలోకన్నా దగ్గర దగ్గరగా బిగింపు, పైపులకి గోడలోకి దిగిన క్లాంపులు ఉన్నట్టు ఫొటో ఇస్తే రేటు తగ్గుతుంది. తక్కువ ఎత్తు ఇళ్ళకి తుపాను రక్షణ గురించి ఐఎస్ 15498 అనే ప్రమాణమే ఉంది. అందులోని సూత్రాలే తెలుగులో, ఒడియాలో ఒక్క పేజీ బొమ్మగా వేసి పంచారు. వెల్డింగు షాపులవాళ్ళు దాన్ని గోడకి అంటించుకున్నారు, అది కంపెనీ అనుకోని ప్రచారం.

క్లెయిముల వైపు పెద్ద మార్పు వేగం. సెప్టెంబరు రాకముందే రేకు, హుక్కు, కూలీ ధరల జాబితా మూడు ఊళ్ళ దుకాణాలతో మాట్లాడి ఖరారు చేశారు. తుపాను తర్వాత పెరిగే ధరకి ముందే కొంత శాతం కలిపి పెట్టారు. కప్పు లేచిన ఇంటికి టార్పాలిన్ ఖర్చు వెంటనే అడ్వాన్సు. అడ్వాన్సులో కొంత వృథా అవుతుందని తెలిసే ఒప్పుకున్నారు. ఎందుకంటే కప్పు లేకుండా గడిచే ప్రతి వాన రోజూ కింది అంతస్తుని క్లెయిములోకి లాగుతుంది. పాత రేకులు, పైపుల విలువ తీసివేయడం, జీఐ పోతే రంగు కోటెడ్ రేకు బిల్లు పెట్టినప్పుడు తేడా తీసివేయడం సర్వే నమూనాలోనే గళ్ళుగా పెట్టారు. గుర్తు చేస్తే సర్వేయర్లు చేస్తారు, చెయ్యకపోవడానికి కారణం మరుపే.

రీఇన్సూరెన్స్‌లో రెండు దారులు చూశారు. ఏడాది మొత్తం నష్టాలు కలిపి ఒక గీత దాటితే చెల్లించే అగ్రిగేట్ కవరు సమస్యకి సరిగ్గా సరిపోతుంది కానీ, చెడిన చరిత్ర మీద అడిగిన ధర భరించేది కాదు. ఈ నాలుగు జిల్లాల ఖాతాకి మాత్రం కోటా షేర్ తీసుకున్నారు: ప్రీమియంలో వాటా, ప్రతి నష్టంలోనూ అదే వాటా, చిన్నదైనా పెద్దదైనా. నష్టాలు పెరిగితే రీఇన్సూరరు ఇచ్చే కమీషను తగ్గే స్లైడింగ్ పద్ధతికి ఒప్పుకోవాల్సి వచ్చింది. కప్పు, మెట్ల డేటా చూపించాకే రీఇన్సూరరు బేరానికి కూర్చున్నాడు. ఆ డేటా లేని ఏడాది అదే రీఇన్సూరరు ఇదే ప్రతిపాదనను వెనక్కి పంపాడు.

ఫలితం, మిగిలిన ముడి

తర్వాతి ఏళ్ళ నిష్పత్తి బాగుంది. దాన్ని ఋజువుగా చూపలేదు, తుపాను రాని ఏడాది ఏ ఖాతా అయినా బాగానే కనిపిస్తుంది. బదులుగా పాత మూడు ఘటనలనూ కొత్త ఖాతా మీదుగా నడిపి చూశారు: అవే గాలులు, అవే ముంపులు, ఇప్పటి పాలసీలు, ఇప్పటి ప్రీమియం. 152 ఉన్న చోట 109 వచ్చింది. ఇంకా నష్టమే. మిగిలిన 9లో ఎక్కువ భాగం రెండు మెట్లలోపు నది ఒడ్డు ఇళ్ళది. వాటికి నిజమైన రేటు పెడితే కొనరు. ఆ మేరకు నష్టాన్ని తెలిసే, ఒక పరిమితి దాకా, ఉంచుకున్నారు.

పదేళ్ళ పాలసీల సంగతి తేలలేదు. ఆ ఇళ్ళకి తెలుగు, ఒడియా ఉత్తరాలు వేశారు: మీ ఇల్లు పూర్తిగా కూలితే ఇంతే వస్తుంది, కట్టాలంటే ఇంతవుతుంది, తేడాకి పాలసీలో మార్పు, అంటే ఎండార్స్‌మెంట్ చేయించుకోండి అని, ఇంటింటికీ అంకెలు వేసి. ఏడింట ఒకరు స్పందించారు. మిగిలినవాటిలో బీమా మొత్తం ఏటా 10 శాతం పెరుగుతూ ఉంటుంది, దాని మీద ప్రీమియం రాదు. ఫైర్ విభాగం మొత్తంగా చూస్తే లోటు కనబడదు కాబట్టి, ఈ పాలసీలను విడిగా తీసి, అంతర్గత లెక్కల్లో వాటికి ప్రీమియం లోటు రిజర్వు (రాబోయే క్లెయిములకు ప్రీమియం చాలని మేరకు పక్కన పెట్టే డబ్బు) వేశారు. ఏటా మార్చిలో దాన్ని తిరిగి లెక్కిస్తారు. చివరి పాలసీ ముగిసేదాకా ఆ గడి తెరిచే ఉంటుంది.